ఘనాకృతుల అంచులకు వాలు: చాంఫర్

ఒకప్పుడు తెలుగు చలనచిత్ర నిర్మాణానికి నెలవైన చెన్నైలోని కోడంబాక్కం పరిసరాలలో నేడు క్యాడ్ శిక్షణ కేంద్రాలు కూడా ఉన్నాయి. సరిహద్దు గ్రామాల నుండి అటువంటి శిక్షణకు వెళ్లే విద్యార్థులు తప్పక నేర్వవలసిన పని చాంఫర్.

ఘనాకృతిలో రెండు ముఖాలు కలిసే పదునైన అంచును ఏటవాలుగా తొలగించడమే చాంఫర్. అదే అంచును గుండ్రంగా మలిస్తే ఫిల్లెట్ అంటారు. పదునైన లోహపు అంచు చేతిని కోస్తుంది. దెబ్బ తగిలితే నొక్కుపడుతుంది. ఇరుసు కొనకు చాంఫర్ ఉంటే అది రంధ్రంలోనికి సులువుగా దిగుతుంది.

ఆటోక్యాడ్, ఫ్రీక్యాడ్ వంటి సాఫ్ట్‌వేర్‌లలో చాంఫర్ ఆదేశమిచ్చి, అంచును ఎంచుకొని, కొలత తెలిపితే చాలును. అయితే పొరపాటు జరిగేది ఆ కొలతలోనే. లంబకోణపు అంచుకు పటంలో 1 మి.మీ., 45 డిగ్రీలు అని ఉంటే, ఆ 1 మి.మీ. ఒక్కొక్క ముఖంపై అంచు నుండి కొలిచే దూరమే గాని వాలు వెడల్పు కాదు. పాఠశాలలో చదివిన పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం వాలు వెడల్పు సుమారు 1.41 మి.మీ. అవుతుంది. వాలునే 1 మి.మీ.గా భావించి గీసినచో కోత సుమారు 0.71 మి.మీ. మాత్రమే వచ్చి, తయారైన భాగం తిరస్కరణకు గురికావచ్చు.

ఫ్రీక్యాడ్ ఉచితంగా లభిస్తుంది. కనుక కంప్యూటర్ అందుబాటులో ఉన్న విద్యార్థి రుసుము చెల్లించి చేరక మునుపే దీనిని అభ్యసించవచ్చును.