పన్ను కట్టనన్న ఊరు, పన్నుతో నడిచిన బడి

మా బడిని మేం ‘ఏఆర్‌ఎం’ అనేవాళ్లం. మసీదు దగ్గర పెద్దలెవరైనా “ఎక్కడ చదువుతున్నావ్ బేటా?” అని అడిగితే “ఏఆర్‌ఎంలో” అని చెప్పి పరిగెత్తడమే. ఆ మూడు ఇంగ్లీషు అక్షరాల వెనక ఏముందో ఎనిమిదో తరగతి దాకా నాకు తెలీదు. గేటు మీద పేరు పూర్తిగానే రాసి ఉండేది. రోజూ కనిపించేదాన్ని ఎవరు చదువుతారు?

ఒకరోజు సోషల్ మాస్టారు పాఠం ఆపి అడిగారు: “మన బడి పేరులో ఒక తమాషా ఉంది. ఎవరైనా చెప్తారా?” క్లాసంతా నిశ్శబ్దం. ఆయనే బోర్డు మీద రాశారు. ఆంధ్రరత్న మున్సిపల్ హైస్కూల్, పేరాల. తర్వాత ‘ఆంధ్రరత్న’ కింద ఒక గీత, ‘మున్సిపల్’ కింద ఒక గీత గీశారు.

“ఈ మొదటి మాట ఒక మనిషి బిరుదు. ఈ రెండో మాట వద్దనే ఆయన ఈ ఊరిని మొత్తం ఖాళీ చేయించాడు. ఇప్పుడు రెండూ ఒకే బోర్డు మీద ఉన్నాయి. ఇదీ తమాషా.”

ఆ మాట నా బుర్రలో అప్పుడు పడింది, ఇప్పటికీ బయటికి పోలేదు. చీరాల తారీఖ్ గురించి నేను తర్వాత ఏం చదివినా ఆ రెండు గీతలు అర్థం చేసుకోడానికే చదివాను.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారిని ఇప్పుడు అందరూ ఉద్యమ నాయకుడిగానే తలుచుకుంటారు. కానీ ఆయన అసలు పేషా ఉస్తాద్‌గిరీ. 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టి, బాపట్లలో చదివి, సముద్రం దాటి ఎడింబరో వెళ్లి ఎం.ఏ. చేసి వచ్చారు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి ‘అభినయ దర్పణం’ ఇంగ్లీషులోకి తెచ్చారు. అది 1917లో అమెరికాలో అచ్చయింది. రాజమండ్రిలో పాఠాలు చెప్పారు, బందరు జాతీయ కళాశాలలో చెప్పారు. సర్కారు చదువూ నచ్చక, ఉద్యోగాలూ నచ్చక చీరాల వచ్చి ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి పెట్టారు. సాహిత్యం, కళలు, దేశం మీద మొహబ్బత్ కలిసిన తాలీమ్ ఇవ్వాలన్నది ఆయన ఆశ. అంటే ఆయన చీరాలకు మొదట వచ్చింది ఊరిని ఖాళీ చేయించడానికి కాదు, చదువు చెప్పడానికి.

ఈలోగా 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల ఊళ్లను కలిపి మున్సిపాలిటీ చేసింది. ఇక్కడి జనంలో ఎక్కువమంది నేతగాళ్లు, కూలీలు, చిన్న రైతులు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని పొద్దంతా నాడె విసిరితే గానీ పూట గడవనివాళ్లు. అంతకుముందు ఊరంతా కలిసి కట్టే పన్ను నాలుగు వేల రూపాయలైతే మున్సిపాలిటీ వచ్చాక అది నలభై వేలకు ఎగబాకిందని చెప్తారు. మాకొద్దని జనం అర్జీలు పెట్టుకున్నారు. పురపాలక సభ్యులు రాజీనామాలు చేశారు. ప్రభుత్వం ఒక జీతగాణ్ణి చైర్మన్‌గా కూర్చోబెట్టి పని నడిపించింది. పన్ను కట్టమన్నవాళ్లను జైల్లో వేసింది. వాళ్లలో ఒక స్త్రీ కూడా ఉంది.

1921 మార్చి ఆఖర్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. అది కాగానే గాంధీజీ చీరాల వచ్చారు. ఆయన రెండు దారులు చూపించారు. ఊళ్లోనే ఉండి, హింస లేకుండా, పన్ను కట్టకుండా ఏం వచ్చినా భరించడం ఒకటి. ఊరే వదిలేసి మున్సిపాలిటీ హద్దు బయటికి పోవడం రెండోది. చీరాల రెండోదే ఎంచుకుంది.

పదిహేను వేల జనాభాలో పదమూడు వేలకు పైగా మనుషులు ఇళ్లకు తాళాలు వేసి, సామాన్లు నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయారు. ఊరి అవతల తాటాకు పాకలు వేసుకుని దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండాకాలం, వానాకాలం, చలికాలం, మొత్తం పదకొండు నెలలు ఆ పాకల్లోనే. గోపాలకృష్ణయ్య గారి రామదండు కాషాయం కట్టి, రుద్రాక్షలు వేసుకుని సేవకు నిలబడింది. మధ్యలో ప్రభుత్వం ఆయన్ని బరంపురంలో పట్టుకుని ఏడాది జైలుకు పంపింది. నాయకుడు లేకుండా, చేతిలో డబ్బు లేకుండా ఎన్నాళ్లని ఉంటారు? 1922 మొదట్లో జనం తిరిగి ఇళ్లకు చేరారు. ఆరేళ్లకు, 1928లో, ఆంధ్రరత్న కూడా పోయారు. నలభై ఏళ్లు కూడా నిండలేదు.

ఈ కథ మొదటిసారి విన్నప్పుడు నాకు తట్టిన మాట ‘హిజ్రత్’. మక్కా నుంచి మదీనాకు జరిగిన హిజ్రత్ గురించి ప్రతి ముస్లిం పిల్లాడూ ఉగ్గుపాలతోనే వింటాడు. పెద్దయ్యాక ఇంకో హిజ్రత్ గురించి చదివాను. చీరాల కదలడానికి సరిగ్గా ఏడాది ముందు, 1920లో, ఖిలాఫత్ రోజుల్లో సింధ్ నుంచి, పంజాబ్ నుంచి, సరిహద్దు రాష్ట్రం నుంచి వేలాదిమంది ముస్లింలు ఇళ్లూ పొలాలూ అమ్ముకుని అఫ్గానిస్తాన్ బయల్దేరారు. అంతమందిని భరించలేమని అఫ్గాన్ సర్కారు ఆగస్టులో హద్దు మూసేసింది. చాలామంది దారిలోనే పోయారు. మిగిలినవాళ్లు కంగాలై తిరిగొచ్చారు. ఆ తిరిగొచ్చినవాళ్ల సొంతిళ్లు అప్పటికే పరాయివాళ్ల చేతుల్లో ఉన్నాయి.

చీరాల వాళ్లు ఆ తప్పు చేయలేదు. ఇళ్లు అమ్మలేదు, తాళం వేశారు. ఆ తాళం చెవి నడుముకు చుట్టుకునే పాకల్లో పడుకున్నారు. ఊరు వదిలిందీ ఊరి కోసమే. తిరిగి రావాలనే నియ్యత్‌తోనే వెళ్లారు.

ఈ సంగతులన్నీ నేను చదివింది వేటపాలెంలో. చీరాల పక్కనే ఉన్న ఆ ఊళ్లో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం 1918 నుంచి ఉంది. 1929లో గాంధీజీ వచ్చినప్పుడు వదిలేసిన చేతికర్రను ఇప్పటికీ అక్కడ దాచి ఉంచారు. సెలవుల్లో సైకిల్ మీద వెళ్లి ఆ బల్లల దగ్గర కూర్చునేవాణ్ణి. పాత పత్రికల కాగితం ముట్టుకుంటే పొడైపోతుందేమో అని భయం.

ఇక మా బడి రోజుల గురించి.

నేను ఆరో తరగతిలో చేరింది 1979లో. అప్పటికి మాది ప్రకాశం జిల్లా. అంతకుముందు చదివినవాళ్లకు గుంటూరు జిల్లా. 2022 నుంచి చదివే పిల్లలకు బాపట్ల జిల్లా. బడి కదల్లేదు, మేమూ కదల్లేదు, జిల్లాయే మా మీదుగా రెండుసార్లు మారింది.

అబ్బా లుంగీలు, తువ్వాళ్లు మూట కట్టుకుని పల్లెల్లో అమ్మేవారు. ఎంజీసీ మార్కెట్‌లో సరుకు అరువుకు తెచ్చి, మిరప కోతల కాలంలో కూలీల చేతిలో డబ్బు ఆడేటప్పుడు పర్చూరు వైపు వెళ్లేవారు. అమ్మీ ఇంట్లో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. బడికి వచ్చే పిల్లల్లో సగంమందికి పొద్దున లేవగానే పని అదే. కండెలు చుట్టి, మగ్గం దగ్గర అందించి, చేతులకు అంటిన నూలు రంగుతోనే క్లాసుకొచ్చేవాళ్లు. అటెండెన్స్ పిలిచేటప్పుడు ఎవరు చెయ్యెత్తినా ఆ ఇంట్లో ఏ రంగు చీర నేస్తున్నారో తెలిసిపోయేది.

ఒకప్పుడు ఈ చేతులే తేలియా రుమాలు నేశాయి. నూలును నూనెలో, బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, ముడులు కట్టి, ఎరుపు నలుపు అద్ది నేసిన రుమాలు అది. చీరాల నుంచి అరబ్ దేశాలకు వెళ్లి అక్కడివాళ్ల తలకు చుట్టుకునే బట్ట అయింది. నూనె పట్టిన గుడ్డ ఎండలో తలను చల్లగా ఉంచేదట. ఈ సంగతి తెలిసిన రోజు అబ్బాకు చెప్తే కాసేపు నన్నే చూసి, “అరబ్బులు మన రుమాలు కట్టుకున్నారా? మరి మన పిల్లలు వాళ్ల దగ్గరికి డ్రైవర్లుగా పోతున్నారేంరా?” అన్నారు. జవాబు చెప్పే ఇల్మ్ నా దగ్గర అప్పుడు లేదు.

బడిలో మా భాష తెలుగు, ఇంట్లో మా భాష దక్కనీ. రెండిటికీ మధ్య ఉన్నది ఒక గల్లీయే. గల్లీ మలుపు దాటగానే నోరు తనంతట తానే మారిపోయేది. పద్యాలు కంఠతా పట్టి గొంతెత్తి చదివే వాళ్లలో మేం నలుగురం ఉండేవాళ్లం. తెలుగు మాస్టారు “సాయిబుల నోట్లో ఒత్తులు చూడండ్రా, మీకేమైంది?” అని మిగతావాళ్లను దెప్పేవారు. ‘ఖ’, ‘ఘ’ పలకడం మాకు మెహనత్ కాదు మరి, ఇంట్లో రోజూ పలికేవే. శుక్రవారం మధ్యాహ్నం జుమాకు వెళ్తామంటే ఒక గంట ఇజాజత్ ఇచ్చేవారు. రంజాన్‌లో ఆటల పీరియడ్‌లో మమ్మల్ని చెట్టు కింద కూర్చోమని, నోట్సు పూర్తిచేసుకోమనేవారు. ఎవరూ దాన్ని పెద్ద మేలుగా చెప్పుకోలేదు, మేమూ అనుకోలేదు.

ఆపా నా కంటే బాగా చదివేది. లెక్కలు నాకు తనే చెప్పేది. ఏడో తరగతి అయ్యాక ఇంట్లో వాళ్లే మాన్పించారు. ఊళ్లో ఆడపిల్లలకు వేరే మున్సిపల్ హైస్కూల్ ఉంది, జీతం కట్టాల్సిన పనీ లేదు. అయినా మాన్పించారు. “నలుగురు ఏమంటారో” అన్నది ఒక్కటే కారణం. ఆ నలుగురు ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు. నేను పదో తరగతి పరీక్ష రాసి వచ్చిన రోజు ఆపా లెక్కల పేపరు తీసుకుని, రాట్నం పక్కన పెట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా చేసింది. రెండు లెక్కలే తప్పాయి. ఆ పేపరు మడిచి నాకిచ్చేసి మళ్లీ కండెలు చుట్టుకుంది. ఈ గల్తీ ఏ బడిదీ కాదు, మాది.

2007లో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. పిల్లల సర్టిఫికెట్ కోసం తండ్రి చదువు కాగితాలు కావాలన్నారు. పాతికేళ్ల తర్వాత బడికి వెళ్లాను. గుమాస్తా అడ్మిషన్ రిజిస్టర్ తీసి పేజీలు తిప్పారు. నా పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ. చివరి గడిలో అబ్బా దస్తఖత్, ఉర్దూలో.

అబ్బాకు తెలుగు రాయడం రాదు. వేలిముద్ర వేయమని ఎవరూ అన్నట్టు లేదు. కుడి నుంచి ఎడమకు, గడి చాలక పక్క గడిలోకి కూడా జరిగి, మెల్లగా రాసిన నాలుగు అక్షరాలు. ఆ పేజీలో అందరివీ తెలుగు సంతకాలు, వేలిముద్రలు. మధ్యలో అదొక్కటే. ఆ రిజిస్టర్ మూసేయొద్దని గుమాస్తాను కాసేపు బతిమాలుకున్నాను.

అప్పుడు మాస్టారు గీసిన రెండు గీతలు నాకు అర్థమయ్యాయి. 1921 జనం బడి వద్దనలేదు, దీపం వద్దనలేదు. మమ్మల్ని అడక్కుండా మా మీద వేసిన భారం వద్దన్నారు. తన ఊరి మీద తనకు హక్కు ఉందని చెప్పడానికి ఊరు వదిలారు. నేటి చీరాల మున్సిపాలిటీ తన పుట్టిన ఏడాదిగా 1948ని చెప్పుకుంటుంది. అంటే స్వాతంత్ర్యం వచ్చాక, మన ఓటుతో మనం నడుపుకునే మున్సిపాలిటీ. అది ఆంధ్రరత్న పేరుతో బడి నడిపిందంటే అందులో తమాషా ఏమీ లేదు. పన్ను కట్టనన్నవాళ్ల మనవలు కట్టిన పన్నుతోనే మూటవ్యాపారి కొడుకు పైసా ఖర్చు లేకుండా పదో తరగతి దాకా చదివాడు.

ఇప్పుడు మన మొహల్లాల నుంచి ఇంకో హిజ్రత్ జరుగుతోంది. పొద్దున ఎనిమిదింటికి గడియార స్తంభం దగ్గర నిలబడి చూడండి. పచ్చ బస్సులు, పసుపు బస్సులు. ఆటో నడిపే తండ్రి, బీడీ చుట్టే తల్లి కూడా అప్పు చేసి టై కట్టే బడికే పంపుతున్నారు. ముస్లిం పిల్లలంటే మదరసాలే అనుకునేవాళ్లు సచార్ కమిటీ 2006లో చెప్పింది చదవాలి: మదరసాల్లో చదివేది వందకు నలుగురే. మిగతా పిల్లల నసీబ్ మామూలు బడుల్లోనే తేలుతుంది. అందుకే ఈ సంగతి మనది.

పిల్లలు బాగుపడాలని వెళ్లేవాళ్లను నేను తప్పుపట్టను. నా పిల్లల్నీ నేను అలాగే పంపాను. కానీ 1921లో ఊరంతా కలిసి వెళ్లారు, ఎందుకు వెళ్తున్నారో సర్కారు ముఖం మీద చెప్పి వెళ్లారు, తాళం చెవి దగ్గర పెట్టుకుని వెళ్లారు. మనం ఒక్కొక్కరంగా, చప్పుడు లేకుండా, తాళం చెవి పారేసి వెళ్తున్నాం. ఇంటి పన్ను మాత్రం ఏటా కడుతూనే ఉన్నాం. ఆ డబ్బుతో నడవాల్సిన బడిలో టీచర్లు ఎంతమంది, ల్యాబ్ ఉందా, ఆడపిల్లలకు బాత్రూమ్ ఉందా అని వార్డు కౌన్సిలర్‌ను మనలో ఎందరం అడిగాం? నేను ఒక్కసారీ అడగలేదు.

పోయిన జూన్‌లో ఆపా తన మనవరాలిని ఆరో తరగతిలో చేర్చింది, మున్సిపల్ హైస్కూల్లోనే. “ఫీజు లేదని కాదు, దగ్గరని కాదు, నేను వదిలేసిన చోట నుంచి మొదలుపెడుతుంది” అంది. తల్లిదండ్రులకు పని ఉండి రాలేకపోతే గార్డియన్ గడిలో తనే సంతకం చేసింది. నేను పక్కనే ఉన్నాను. చక్కటి తెలుగులో, గడి దాటకుండా రాసింది.