ఎండకు నోచుకున్న గుడ్డ



తెలుగు రాష్ట్రాలకు వెలుపల ఉంటూ మన పిల్లలకు మాతృభాష నేర్పడానికి మనమందరం పాటుపడుతున్నాము. అక్షరాలు దిద్దిస్తాము, శతక పద్యాలు వల్లె వేయిస్తాము, పండుగల పేర్లు చెప్పిస్తాము. అయితే పది పన్నెండేళ్లు వచ్చిన ప్రతి ఆడపిల్ల జీవితంలోనూ తప్పక ఎదురయ్యే ఒక విషయం వచ్చేసరికి మన తెలుగు మూగబోతుంది. ఆ విషయం నెలసరి. ఇంట్లో దానిని సైగలతో చెబుతారు. బడిలో ఆ పాఠాన్ని ఇంటివద్ద చదువుకొమ్మని దాటవేస్తారు.

ముఖం చూడని ఆడపిల్లల కోసం ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చుని, ఉతికి మళ్లీ వాడుకోదగిన నెలసరి గుడ్డలు కుట్టి పంపుతున్న స్వచ్ఛంద కార్యకర్తల చరిత్రను ఈ వ్యాసంలో మీ ముందుంచుతున్నాను. ఇది పైకి కుట్టుపనికి సంబంధించిన కథ. కాని ఓపికగా చదివితే భాషా బోధకులమైన మనకూ ఇందులో ఒక పని ఉన్నదని మీరే గ్రహిస్తారు.

గుడ్డ చేసిన నేరమేమి?

కార్ఖానాలో తయారైన ప్యాడ్ వయస్సు చాలా తక్కువ. అంతకు ముందు దేశదేశాల స్త్రీలు వాడినది పాత గుడ్డనే. మన ఇళ్లలో మెత్తబడిన నేత చీరలు, పంచెలు ఇందుకు పనికివచ్చేవి. ఐరోపా, అమెరికా దేశాలలోనూ తల్లులు గుడ్డను మడతలు పెట్టి కుట్టి కూతుళ్లకు ఇచ్చేవారు. 1890ల చివరలో అమెరికాలో జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ వాడి పారవేసే ప్యాడ్లను అమ్మకానికి పెట్టింది. అయితే అంగడికి వెళ్లి వాటిని పేరు పెట్టి అడగడానికి స్త్రీలు సిగ్గుపడినందున అవి అంతగా చెల్లలేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో గాయాలకు కట్టే కట్ల కోసం కలప గుజ్జుతో చేసిన సెల్యుకాటన్ అనే పదార్థం వాడుకలోకి వచ్చింది. రక్తాన్ని అది బాగా పీల్చుకుంటున్నదని చూసిన నర్సులు తమ అవసరానికీ వాడుకున్నారు. యుద్ధం ముగిశాక అదే పదార్థంతో 1920లో కోటెక్స్ అనే ప్యాడ్ బజారుకు వచ్చింది. ఆ తరువాత సంపన్న దేశాలలో ఈ కుట్టు క్రమంగా ఇల్లు విడిచి వెళ్లిపోయింది.

మన దేశంలో గుడ్డ నేటికీ గతకాలపు వస్తువు కాలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 24 ఏళ్ల లోపు యువతులలో సగం మంది తాము గుడ్డ వాడుతున్నామని చెప్పారు. వీరిలో గుడ్డతో పాటు ప్యాడ్లు వాడేవారూ ఉన్నారు.

మరి గుడ్డ మంచిదా, చెడ్డదా? శుభ్రమైన నూలు గుడ్డను నాలుగైదు గంటలకొకసారి మార్చుకుని, ముందు చన్నీటిలో నానబెట్టి, సబ్బుతో ఉతికి, చక్కని ఎండలో ఆరవేస్తే దానివల్ల హాని లేదు. చన్నీరు ఎందుకంటే, వేడి నీరు తగిలితే రక్తపు మరక గుడ్డలో గట్టిపడిపోతుంది. చిక్కంతా ఎండ దగ్గరే వచ్చింది. ఎవరి కంటా పడకూడదని ఆ గుడ్డను మంచం కింద, దూలం సందున, మరో చీర మడతల కింద ఆరవేశారు. చీకటిలో సగం తడిగా మిగిలిపోయిన గుడ్డ రోగాలకు ఆలవాలమయింది. ఆ నేరం గుడ్డది కాదు, దానిని దాచిపెట్టిన సిగ్గుది. ఈ ఒక్క సంగతిని మనస్సులో ఉంచుకుని తక్కిన చరిత్ర చదవండి.

నైరోబీ శివార్లలో మొదలైన పని

దూరాన ఉన్నవారి కోసం గుంపుగా కూర్చుని కుట్టే అలవాటు అమెరికా స్త్రీలకు పాతదే. మొదటి ప్రపంచయుద్ధంలో రెడ్ క్రాస్ పిలుపునందుకుని గృహిణులు ఊరూరా కూడి, సైనికుల కోసం గాయాల కట్లు సిద్ధం చేసి పంపారు. ఆ ఆనవాయితీకి ఇరవై ఒకటవ శతాబ్దంలో ఒక కొత్త పని దొరికింది.

2007 డిసెంబరు ఎన్నికల అనంతరం కెన్యాలో చెలరేగిన హింస వల్ల ఎందరో పిల్లలు దిక్కులేనివారయ్యారు. నైరోబీ శివార్లలోని ఒక అనాథాశ్రమం వారితో కిక్కిరిసిపోయింది. దానికి సహాయం చేస్తున్న సెలెస్ట్ మెర్జెన్స్ అనే అమెరికా మహిళకు 2008లో ఒక సందేహం కలిగింది: నెలసరి వచ్చినప్పుడు ఇక్కడి ఆడపిల్లలు ఏమి వాడుతున్నారు? ఏమీ వాడడం లేదని తెలిసింది. ఆ రోజులలో వారు బడికి వెళ్లక, మంచం మీద అట్టముక్క వేసుకుని, గదిలోనే కూర్చునేవారు.

ఆమె మొదట అందరిలాగానే ఆలోచించి, చందాలు పోగుచేసి వాడి పారవేసే ప్యాడ్లు ఇప్పించింది. కొద్దిరోజులకే ఆ ఉపాయంలోని లోపం బయటపడింది. వాడిన వాటిని ఎక్కడ పారవేయాలి? అక్కడ అందుకు తగిన ఏర్పాటు లేదు. పైగా నెలనెలా కొనడానికి డబ్బు కావాలి. చందా ఆగిన నెలలో ఆ పిల్లలు మళ్లీ అట్టముక్క మీదకే చేరుకుంటారు. అందువల్ల ఉతికి మళ్లీ వాడుకొనే గుడ్డ వైపు ఆలోచన తిరిగింది. ఆ విధంగా వాషింగ్టన్ రాష్ట్రంలో డేస్ ఫర్ గర్ల్స్ అనే సంస్థ పుట్టింది.

పిల్లలు దిద్దిన నమూనా

ఈ సంస్థ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచినది దాని నమూనా మారుతూ వచ్చిన తీరు. ఇప్పటికి అది ఇరవైకి పైగా మార్పులకు లోనయింది. మొదట కుట్టినది చూడగానే ప్యాడ్ అని తెలిసిపోయేలా ఉండేది. దానిని నలుగురూ చూసేచోట ఆరవేయడానికి పిల్లలు ఒప్పుకోలేదు. అమెరికాలో కుట్టినా ఆఫ్రికాలో కుట్టినా అదే దాపరికం, అదే చీకటి మూల!

అందుచేత నమూనాను రెండు భాగాలు చేశారు. ఒకటి లోదుస్తుకు టిచ్ బటన్లతో బిగించుకునే కవచం. దాని లోపల నీరు దిగని పొర ఉంటుంది. రెండవది దానిలో అమర్చుకునే మెత్తని ఫ్లానెల్ గుడ్డ. మడత విప్పితే ఇది చిన్న చేతిరుమాలులా కనిపిస్తుంది. దండెం మీద అందరి బట్టల నడుమ ఆరవేసినా ఎవరికీ అనుమానం రాదు. పొర పలుచనిది కనుక త్వరగా ఉతుకుతుంది, త్వరగా ఆరుతుంది. మరక కనపడకుండా ముదురు రంగుల పూల గుడ్డలను ఎంచుకున్నారు. వీటితో పాటు లోదుస్తులు, సబ్బు, ఒళ్లు తుడుచుకునే చిన్న తువ్వాలు, తడి గుడ్డను దాచుకోవడానికి బిగువైన ప్లాస్టిక్ సంచి చేర్చి, అన్నిటినీ అందమైన నాడా సంచిలో పెట్టి ఇస్తారు. జాగ్రత్తగా వాడుకుంటే అది రెండు మూడేళ్లు మన్నుతుంది.

కుట్టేవారికి మరొక నియమం ఉన్నది. సైనిక దుస్తుల వంటి మచ్చల గుడ్డను వాడరాదు. ఎందుకో ఊహించగలరా? ఉగాండా వంటి దేశాలలో పౌరులు అటువంటి గుడ్డ ధరించడం నేరం. దయతో కుట్టిన వస్తువే ఒక బాలికను చిక్కులలో పడవేయవచ్చు. ఇచ్చేవారి మంచి మనస్సు ఒక్కటే చాలదు, పుచ్చుకొనేవారి ఊరు కూడా తెలిసి ఉండాలి.

అనేక దేశాలలోని కుట్టు బృందాలు ఈ పనిలో చేరాయి. ఈ సంచులు 140కి పైగా దేశాలలో ముప్పై లక్షలకు పైగా స్త్రీలకు, బాలికలకు చేరాయని సంస్థ లెక్క. మరొక ముఖ్యమైన మలుపు కూడా ఉన్నది: ఎంతకాలమూ బయటినుంచి పంపుతూ ఉండడం సరికాదని గ్రహించి, ఉగాండా, నేపాల్, గ్వాటెమాలా మొదలైన దేశాలలో స్థానిక స్త్రీలకే కుట్టు నేర్పి, వారే తయారుచేసి అమ్ముకునేలా ప్రోత్సహించారు.

మన చుట్టుపక్కల

ఈ ఆలోచన మన దేశానికి కొత్తది కాదు. 1999లో అంశు గుప్తా ఢిల్లీలో స్థాపించిన గూంజ్ సంస్థ, 2005 ప్రాంతంలోనే నాట్ జస్ట్ ఎ పీస్ ఆఫ్ క్లాత్ అనే పేరుతో నెలసరి గుడ్డ గురించి బాహాటంగా మాట్లాడడం ఆరంభించింది. పట్టణాల ఇళ్లనుంచి వచ్చే పాత నూలు చీరలు, దుప్పట్లు ఉతికి, హుక్కులు, బొత్తాలు తీసివేసి, కత్తిరించి, ప్యాడ్లుగా మడిచి పల్లెలకు పంపారు. అంశు గుప్తాకు 2015లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

తమిళనాడులోని ఆరోవిల్‌లో 2010లో ఎకో ఫెమ్ ఆరంభమయింది. చుట్టుపక్కల పల్లెల స్త్రీలు అక్కడ నూలు ప్యాడ్లు కుడతారు. విదేశాలలో ఒక ప్యాడ్ అమ్ముడయితే దానికి బదులు ఇక్కడి బాలికకు ఒకటి ఉచితంగా అందే ఏర్పాటు చేశారు. ఊరకే పంచిపెట్టి వెళ్లిపోరు. శరీరం గురించి, శుభ్రత గురించి ముందు పాఠం చెబుతారు.

మనం స్థిరపడిన రాష్ట్రాల ప్రభుత్వాలూ ముందుకు వచ్చాయి. తమిళనాడులో 2011-12 నుంచి, కర్ణాటకలో 2013-14 నుంచి శుచి పేరుతో, ఒడిశాలో 2018 నుంచి ఖుషీ పేరుతో బాలికలకు ఉచిత ప్యాడ్ల పథకాలు మొదలయ్యాయి. మహారాష్ట్రలో 2018లో అస్మిత పథకం కింద తక్కువ ధరకు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో స్వేచ్ఛ ఆరంభమయింది. ఇవన్నీ మెచ్చుకోదగినవే. అయితే కర్ణాటకలో ఈ పంపిణీ కొన్నేళ్లు నిలిచిపోయి 2024లో మళ్లీ మొదలయింది. నెలనెలా రావలసిన వస్తువు రాని నెలలో, బీరువాలో ఉన్న గుడ్డ సంచి విలువ తెలుస్తుంది.

గుడ్డ ఒక్కటే చాలునా?

ఇక్కడ ఒక సత్యం కూడా చెప్పుకోవాలి. ప్యాడ్ ఇస్తే చాలు, ఆడపిల్లల హాజరు ఇట్టే పెరుగుతుందని తరచు వింటాము. నేపాల్‌లోని చిత్వన్‌లో నెలసరి కప్పులు ఇచ్చి చేసిన ఒక పరిశీలన 2011లో వెలువడింది. అక్కడి బాలికలు నెలసరి కారణంగా ఏడాదిలో ఒక రోజు కూడా పూర్తిగా బడి మానడం లేదనీ, కప్పుల వల్ల హాజరులో మార్పు రాలేదనీ తేలింది. ఉగాండాలో చేసిన మరొక పరిశీలన 2016లో వచ్చింది. అక్కడ గుడ్డ ప్యాడ్లు ఇచ్చిన బడులలోనూ, కేవలం పాఠం చెప్పిన బడులలోనూ, రెండూ చేసిన బడులలోనూ హాజరు, ఏమీ చేయని బడులకన్నా మెరుగ్గా నిలిచింది.

గమనించారా? కేవలం పాఠం చెప్పినచోట కూడా మేలు జరిగింది. అయినా హాజరు పట్టీ ఒక్కటే కొలబద్ద కారాదు. బడికి వచ్చి, బల్ల మీదనుంచి లేవడానికి భయపడుతూ రోజంతా ముడుచుకుని కూర్చున్న పిల్ల పేరు కూడా పట్టీలో హాజరుగానే పడుతుంది.

ఆ పాఠం ఏ భాషలో?

మన పని ఇక్కడ మొదలవుతుంది. మన మాటలనే ఒకసారి పరికించండి. బహిష్టు అంటే బయట ఉన్నది అని అర్థం. ముట్టు అన్న మాట తాకుడును సూచిస్తుంది. కన్నడంలోనూ అదే మాట, అదే అర్థం. దూరం, మైల, అంటు అన్నవి చెప్పనే అక్కరలేదు. తమిళంలో తీట్టు అన్నా మైలే. మరాఠీలో పాళీ అంటే వంతు. ఒడియాలో మాసిక అంటే నెలకొకసారి వచ్చేది. పుణెలోనో బరంపురంలోనో చదివే మన పిల్ల బడిలో ఒక మాట, ఇంట్లో మరొక మాట వింటుంది. బడి మాట శాస్త్రాన్ని చెబుతుంది, ఇంటి మాట గడప అవతల నిలబెడుతుంది. అప్పుడు ఆ పిల్ల మనస్సులో తెలుగు దేనికి గుర్తుగా మిగులుతుంది?

అదృష్టవశాత్తు మనకూ నెలసరి అనే చక్కని మాట ఉన్నది. అందులో దోషం లేదు, దూరం లేదు. నెలకొకసారి జరిగేది అన్న భావమే ఉన్నది. ఆ మాటను తరగతిలో తల ఎత్తి పలకడం మన పని. నాలుగు వాక్యాలు చాలు: ఇది రోగం కాదు. ఇది శరీర ధర్మం. గుడ్డ మార్చుకో, సబ్బుతో ఉతుకు. ఎండలో ఆరవేయి.

కుట్టు తెలిసిన తల్లులు సెలవు రోజున బడిలో కూడి ఈ సంచులు కుట్టడం కష్టమైన పని కాదు. ఒక మిషను, నూలు గుడ్డ, నీరు దిగని గుడ్డ, కొన్ని బటన్లు ఉంటే సరిపోతుంది. కుట్టుతున్నంతసేపూ చుట్టూ చేరిన పిల్లలకు తెలుగులో విషయం చెప్పవచ్చు. మగపిల్లలను బయటకు పంపవద్దని మనవి. అక్కను, చెల్లెలిని ఎగతాళి చేయని తమ్ముడు, అన్న ఆ గదిలోనే తయారవుతారు.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. కుట్టినా, కొన్నా, ఎవరు ఇచ్చినా, ఆ గుడ్డకు మీ పెరటి దండెం మీద, మేడ మీద, నలుగురి బట్టల నడుమ కాస్త చోటు ఇవ్వండి. దాని మీద ఎండ పడనివ్వండి.