మరణ వాంగ్మూలం



పదాల పుట్టుక వెదకడం పదవీ విరమణ తర్వాత కూడా నన్ను వదలని వ్యసనం. ఈమారు చిక్కిన పదం ‘కోర్ డంప్’. 1950, 60 దశకాల కంప్యూటర్లలో మెమరీ అంటే చిన్న చిన్న ఫెర్రైట్ వలయాల అల్లిక. ఆ వలయమే ‘కోర్’. యంత్రం మొరాయిస్తే అందులోని సమాచారాన్నంతా కుమ్మరించి పరిశీలించేవారు. వలయాలు పోయినా పేరు నిలిచింది.

ప్రోగ్రాము కూలితే దాని వాంగ్మూలాన్ని కెర్నెల్ నమోదు చేస్తుంది. పరీక్షలో కెర్నెలే కూలితే? మతి చెదరినవాని చేతివ్రాతను నమ్మేదెలా? చెడిన కెర్నెల్ డిస్కులోని మంచి సమాచారం మీదనే వ్రాసే ప్రమాదమూ ఉంది. వ్రాయకుంటే, యంత్రాన్ని తిరిగి నడిపేసరికి ఆధారం చెరిగిపోతుంది; దోషం మాత్రం మిగులుతుంది.

లినక్స్‌లో ఈ చిక్కును విప్పినది, 2005లో 2.6.13 కూర్పున చేరిన కెడంప్. దాని రూపకర్తలలో అప్పటి ఐబీఎం ఇంజనీరు వివేక్ గోయల్ ఒకరు; దానికి ఆధారమైన కెక్సెక్ ఎరిక్ బీడర్మన్ కృషి. యంత్రం ఆరోగ్యంగా ఉన్నప్పుడే కొంత మెమరీని విడిగా ఉంచి, రెండవ కెర్నెల్‌ను అందులో నిలుపుతారు. మొదటిది కూలగానే, బయోస్ జోలికి పోకుండా, రెండవది మేల్కొంటుంది. మృతుని జ్ఞాపకాలను ‘వీఎంకోర్’ అనే ఫైలుగా చూపుతుంది. వాటిని భద్రపరచిన తర్వాతే యంత్రం పునఃప్రారంభమౌతుంది.

సాక్షిని ముందే నియమించుకోవాలి. ఆ కాస్త చోటును వృథా అనుకున్నవారికి చివరకు మిగిలేది ఊహాగానమే. ప్రతి తీయని తాళపత్రాలు చెదలపాలైన కథలు ఎరిగిన మనకు ఇది కొత్త పాఠం కాదు.