బ్రేకుల కీచుకూత – కొంత చరిత్ర

కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్నారు మన పెద్దలు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి ఇరుసుకు పట్టిస్తే ఎద్దుబండి నోరు మూసేది. కారు బ్రేకుల నోరు మూయించడం అంత తేలిక కాలేదు. ఆ ప్రయత్నం చాలావరకు మనం కాపురముంటున్న ఈ ఇంగ్లండులోనే జరిగింది కనుక, దాన్ని గురించి నాలుగు మాటలు మన పాఠకులకు చెప్పదలిచాము.

1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని, మాన్‌హైమ్ నుంచి పుట్టింటికి కారులో బయలుదేరింది. దారిలో కొయ్య బ్రేకు దిమ్మలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాని చేత వాటికి తోలు వేయించింది. మొదటి బ్రేకు లైనింగు అదేనంటారు.

ఇక్కడ డెర్బీషైరు కొండదారుల్లో బండ్లవాళ్ళు పల్లంలో దిగేటప్పుడు చక్రానికి పాత బూటు అదిమిపెట్టేవారట. అది చూసిన హెర్బర్ట్ ఫ్రూడ్ 1897లో బ్రేకు దిమ్మల తయారీ మొదలుపెట్టాడు. ఫెరోడో కంపెనీ ఆయనదే. 1902లో బర్మింగ్‌హాముకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. డిస్కును పట్టే దిమ్మలకు రాగి వాడాడు. లోహం మీద లోహం రాసుకుంటే ఏమవుతుంది? వీధి వీధంతా చెవులు మూసుకోవలసిన కూత!

ఆ కూతకు కారణం ఫిడేలు వాయించేవారికి సులభంగా అర్థమవుతుంది. కమాను తీగను పట్టి, వదిలి, మళ్ళీ పడుతుంది. పాడ్ కూడా డిస్కును అలాగే సెకనుకు వేలసార్లు పట్టి వదులుతుంది. ఆ వణుకే కీచుకూత.

1907లో ఫ్రూడ్ రాగికి బదులు ఆస్‌బెస్టాస్ వాడి ఆ కూతను చాలావరకు అణిచాడు. లైనింగు వేడికి తట్టుకుంది, ఎక్కువ కాలం మన్నింది. దాని ఖరీదు తరువాత తెలిసింది. రాచ్‌డేల్‌లో ఆస్‌బెస్టాస్ వడికే నెల్లీ కెర్షా అనే కార్మికురాలు 1924లో ఊపిరితిత్తులు గట్టిపడి చనిపోయింది. మన వైద్య మిత్రులు పుస్తకాల్లో చదివిన ఆస్‌బెస్టోసిస్ చరిత్ర అక్కడ మొదలవుతుంది. అయినా డ్రమ్ములోని దుమ్మును మెకానిక్కులు గాలి గొట్టంతో ఊదుతూనే వచ్చారు. బ్రిటన్‌లో పూర్తి నిషేధం 1999లో గాని రాలేదు. డెబ్బై అయిదేళ్ళు! ఇది మాకు మింగుడు పడని సంగతి. పాత కారు డ్రమ్ము విప్పేవారు ఈనాటికీ గాలి ఊదకుండా తడిగుడ్డతో తుడవడం మంచిది.

ఈలోగా 1953 లె మాన్ పందెంలో డిస్కు బ్రేకుల జాగ్వార్ గెలిచింది, 1955లో సిట్రోయెన్ డి.ఎస్. వాటిని మామూలు జనం దాకా తెచ్చింది. ఆస్‌బెస్టాస్ పోయాక పాడ్లలో రాగి నారలు బాగా పెరిగాయి. లాంచెస్టర్ రాగి మళ్ళీ వచ్చిందన్నమాట! ఆ పొడి వానకు కొట్టుకుపోయి చేపలకు చేటు చేస్తున్నదని కాలిఫోర్నియా 2010లో చట్టం చేసింది. దాని ప్రకారం 2025 నుంచి అక్కడ అమ్మే కొత్త పాడ్లలో రాగి నూటికి అర వంతు మించరాదు.

సొంతంగా పాడ్లు మార్చుకునే మిత్రులు ఈ వణుకు సంగతి గుర్తుంచుకుంటే చాలు. కాలిపర్ బ్రాకెట్టు తుప్పు గీకి, క్లిప్పులు కొత్తవి వేయండి. పాడ్ వెనుక రేకు, దాని చెవులు – అంతవరకే బ్రేకు గ్రీజు పలుచగా పూయండి. డిస్కుకు రాసుకునే వైపు చుక్క పడినా బ్రేకు పట్టదు; ఇది ఎద్దుబండి కందెన కాదు. మొదట ఇరవై ముప్ఫైసార్లు మెల్లగా, మధ్యమధ్య చల్లారనిస్తూ బ్రేకు వేస్తే పాడ్, డిస్కు ఒకదానికొకటి అలవాటు పడతాయి.

ఒక కూతను మాత్రం ఆపవద్దు. చాలా పాడ్లకు చిన్న లోహపు నాలుక ఉంటుంది. పాడ్ అరిగిపోయినప్పుడు అది కావాలనే డిస్కుకు తగిలి అరుస్తుంది. అప్పుడు గ్రీజు డబ్బా జోలికి పోకుండా కొత్త పాడ్లు కొనాలి.