అణిచే మందు, లేపే పోగులు

బంజారా హిల్స్‌లో బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రి 1985లో క్యాన్సర్‌తో పోయిన భార్య పేరు మీద ఎన్టీఆర్ తలపెట్టింది. తెరిచింది 2000 జూన్‌లో. అప్పటికి ఆయన లేరు. ఆ పేరు అందరికీ తెలుసు. ఇలాంటి ఆస్పత్రులన్నిట్లో వాడే మెథోట్రెక్సేట్ వెనక కూడా ఓ తెలుగు పేరుంది, అదే అంతగా వినపడదు.

భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. అన్నని స్ప్రూ జబ్బు తీసుకుపోయింది. ఆ జబ్బులో ఒంట్లో తరిగిపోయే ఫోలిక్ యాసిడ్‌నే 1945లో అమెరికాలో, లెడర్లీ లాబ్‌లో ఆయన బృందం తయారుచేసింది. తర్వాత దానికి దొంగ నకళ్ళు చేశారు. కణం అసలుదనుకుని తీసుకుంటుంది, డీఎన్ఏ తయారీ ఆగిపోతుంది. అలాంటి అమినోప్టెరిన్‌తో 16 మంది లుకేమియా పిల్లల్లో 10 మంది కొన్నాళ్ళపాటు తేరుకున్నారని 1948లో బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు పోయారు. మెథోట్రెక్సేట్ దీని తోబుట్టువే.

చిక్కేమిటంటే, ఈ మందుకి తన పర లేదు. ఒంటిని కాపాడే తెల్లకణాలనూ కొడుతుంది. ఇమ్యూనిటీని అణిచే ఆ గుణం కోసమే కీళ్ళవాతానికీ ఇస్తారు!

ఇప్పుడు ప్రయత్నం సరిగ్గా తిరగబడింది. 1990ల మొదట్లో ఎమ్ఐటీలో షుగ్వాంగ్ జాంగ్, ఈస్ట్ ప్రోటీన్‌లోని ఓ చిన్న పెప్టైడ్ ఉప్పునీళ్ళలో తనంతట తనే పొరలా అల్లుకోవడం చూశాడు. అలా అల్లుకునే పోగుల మీద క్యాన్సర్ గుర్తుల్ని అతికించి, తెల్లకణాలకు చూపించి, వాటిని లేపాలని చూస్తున్నారు. చాలావరకు ఇంకా ఎలుకల దగ్గరే ఉంది. ఇలాంటి నానోకణాల్లో కొన్నిటికి దారి చూపడానికి తగిలించేది మళ్ళీ ఫోలిక్ యాసిడ్‌నే: దాన్ని పట్టుకునే కొక్కేలు కొన్ని క్యాన్సర్ కణాల మీద మరీ ఎక్కువ.