తలుపు వెనక కథ

మా పిన్ని వాళ్ళింట్లో ఏనాటిదో ఒక ఫ్రిజ్ వుంది. పిడి లాగితేగాని తలుపు రాదు. మూస్తే ‘ఠక్కు’మని గొళ్ళెం పడుతుంది. అది చెడిపోయి ఏళ్ళయినా, “ఎంత గట్టి ఇనుమో!” అంటూ పారెయ్యబుద్ధిగాక, అరలు మాత్రం వంటింట్లోకి వాడుకుని, పెట్టెను పెరటి వసారాలో పెట్టింది.

మొన్న సెలవులకి వెళితే పిల్లలు దాగుడుమూతలాడుతున్నారు. మా చిన్నవాడు అందులో కాలు పెట్టబోతున్నాడు! రెక్క పట్టుకుని ఇవతలకి లాగాను. నా గుండె గుండెలో లేదు.

“కాసేపు దాక్కుంటే ఏమవుతుందే?” అంది పిన్ని.

ఏమవుతుందో అమెరికాలో తల్లులు ఏనాడో కడుపుకోతతో తెలుసుకున్నారు. అప్పట్లో అక్కడి ఫ్రిజ్‌లకీ ఇలాంటి గొళ్ళేలే వుండేవి. బయటినుంచి తప్ప తెరుచుకోవు. చల్లదనం పోకుండా బిగించిన పెట్టె కదా, లోపలికి గాలి రాదు. మందపాటి గోడలు దాటి కేకా వినపడదు. పారేసిన ఫ్రిజ్‌లలో దాక్కున్న పసివాళ్ళు ఎందరో ఊపిరాడక పోయారు.

చివరికి 1956 ఆగస్టు 2న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఒక చట్టంమీద సంతకం చేశాడు. ఇళ్ళలో వాడే ఫ్రిజ్ తలుపు లోపలినుంచి కూడా తెరుచుకోవాలి. సరే, పసివాళ్ళకి బలమెంత? అది తేల్చడానికి రెండునుంచి అయిదేళ్ళ పిల్లల్ని రెండువందలమందికి పైగా ఫ్రిజ్‌లాంటి పెట్టెలో వుంచి, ఎలా తోస్తారో పెద్దవాళ్ళు గమనించారట! 15 పౌండ్ల బలంతో, అంటే ఏడు కిలోలకి లోపే, తలుపు రావాలన్నారు. 1958 అక్టోబరు ఆఖరునుంచి అది అమలయింది. క్రమంగా గొళ్ళెం పోయి, రబ్బరు అంచులో అయస్కాంతం వచ్చింది. చేతులు ఖాళీలేక మనం మోచేత్తో నెట్టే తలుపు వెనక ఇంత కథ వుంది సుమండీ!

అలాగని అయస్కాంతాన్నీ పూర్తిగా నమ్మి కూర్చోకూడదు. పాత ఫ్రిజ్ ఏదైనా సరే, ముందు ప్లగ్గు తీసెయ్యాలి, తరువాత తలుపు ఊడదీయాలి. గొట్టాలు మాత్రం ఇంట్లో కొట్టొద్దు. పాతవాటిలో చాలావాటి వాయువు ఆకాశంలోని ఓజోను పొరకి చేటు. కొత్తవాటిలో చాలావాటిది నిప్పు తగిలితే భగ్గుమంటుంది. పనికిరాని కరెంటు సామాను తీసుకునే గుర్తింపు పొందిన వాళ్ళకి అప్పగించడమే మంచిది.

ఇదంతా విని పిన్ని మాట్లాడకుండా లేచి వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చింది. సాయంత్రానికి తలుపు ఊడింది. మర్నాడు పెట్టె వెళ్ళిపోయింది.

తలుపు మాత్రం ఇంకా వసారాలోనే వుంది. గట్టి ఇనుమట!