లెక్కకు ఆధారం, తీర్పుకు కారణం: వృత్తి పరీక్షల జవాబు పత్రం కథ

చార్టర్డ్ అకౌంటెన్సీ ప్రశ్నపత్రాల్లో ప్రశ్నలకు ముందు కొన్ని సూచనలు ఉంటాయి. వర్కింగ్ నోట్స్ జవాబులో భాగంగా ఉండాలన్నది ఒకటి. ప్రశ్నలో చెప్పని సంగతిని విద్యార్థి తానుగా అనుకోవాల్సి వస్తే, ఏమనుకున్నాడో నోటుగా రాయాలన్నది మరొకటి. లా పేపర్లలోనైతే ముందు చట్టంలోని నిబంధన చెప్పి, దాన్ని ప్రశ్నలోని వాస్తవాలకు వర్తింపజేసి, ఆ తర్వాతే తేల్చి చెప్పడం ఆనవాయితీ. చాలామంది వీటిని మార్కులు రాబట్టే చిట్కాలుగా చూస్తారు. అది పొరపాటు. ఆడిటరు పని కాగితాల్లోనూ న్యాయమూర్తి తీర్పులోనూ ముందునుంచీ ఉన్న కట్టుబాట్లే పరీక్ష హాల్లోకి వచ్చాయి.

వృత్తి పరీక్షలు మొదట్లో నోటి మాటగా జరిగేవి. ఇంగ్లండులో 1729 నాటి చట్టం ప్రకారం అటార్నీ కాదలచినవాడు ఐదేళ్లు ఒకరి దగ్గర ఆర్టికల్డ్ క్లర్కుగా పనిచేయాలి. ఆ తర్వాత అతని యోగ్యతను న్యాయమూర్తి విచారించి చేర్చుకోవాలి. కాలక్రమేణా ఆ విచారణ మొక్కుబడిగా మారింది. లా సొసైటీ ఆధ్వర్యంలో సొలిసిటర్లకు క్రమబద్ధమైన పరీక్ష 1836లో మొదలైంది. బారిస్టర్లకు కౌన్సిల్ ఆఫ్ లీగల్ ఎడ్యుకేషన్ 1852లో ఏర్పడినా, పరీక్ష తప్పనిసరి కావడానికి 1872 దాకా పట్టింది. అకౌంటెంట్ల విషయంలో ఇంగ్లండ్ అండ్ వేల్స్ చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1880లో రాజశాసనం పొంది, 1882లో పరీక్షలు పెట్టింది. అప్పటినుంచే లెక్కలూ చట్టమూ ఒకే విద్యార్థి మీద పడ్డాయి. ఖాతాలు, ఆడిటింగుతో పాటు దివాలా చట్టం, కంపెనీల చట్టం కూడా అకౌంటెంటు చదవాల్సి వచ్చింది.

నోటి పరీక్షకూ రాత పరీక్షకూ ఉన్న ముఖ్యమైన తేడా ఒకటుంది. ఎదురుగా కూర్చున్న పరీక్షకుడు “ఈ అంకె ఎక్కడిది?” అని అడగగలడు, విద్యార్థి వివరించగలడు. రాత పరీక్షలో ఆ ఎదురు ప్రశ్నకు చోటు లేదు. కాగితం దిద్దేవాడి బల్ల మీదికి చేరేసరికి రాసినవాడు ఎక్కడో ఉంటాడు. అడగని ఆ ప్రశ్నకు కాగితమే ముందుగా జవాబు చెప్పుకోవాలి. జవాబును చక్కగా అమర్చడం అనే విద్య అంతా ఈ అవసరంలోంచి పుట్టింది.

బారిస్టరు పరీక్ష తప్పనిసరి అయ్యాక కూడా చాలాకాలం కఠినంగా ఉండలేదు. 1891 జూన్ 10న బారిస్టరు అయిన గాంధీ ఆ పరీక్షల గురించి తన ఆత్మకథలో రాశారు. ప్రశ్నపత్రాలు సులువుగా ఉండేవట, దిద్దేవారు ఉదారంగా ఉండేవారట, రోమన్ లాలో నూటికి 95 నుంచి 99 మంది దాకా గట్టెక్కేవారట. మద్రాసు ప్రెసిడెన్సీలో వకీలు వృత్తికి దారి వేరు. విశ్వవిద్యాలయం ఇచ్చే బీ.ఎల్. పట్టా ఒక మెట్టు, హైకోర్టుల నిబంధనల కింద నడిచిన ప్లీడరు పరీక్షలు ఇంకో మెట్టు. ఆ నిబంధనలు చేసే అధికారం హైకోర్టులకు 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్ల చట్టం ఇచ్చింది. టంగుటూరి ప్రకాశం మొదట రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగానే పేరు తెచ్చుకున్నారు. బారిస్టరు చదువుకు ఇంగ్లండు వెళ్లింది ఆ తర్వాత, 1904లో.

లా ప్రశ్న ఇప్పుడున్న రూపానికి ఎలా వచ్చిందన్నది ఆసక్తికరమైన సంగతి. అమెరికాలో హార్వర్డ్ లా స్కూలుకు 1870లో డీన్ అయిన క్రిస్టఫర్ కొలంబస్ లాంగ్‌డెల్ పేరు ఇక్కడ తప్పక వస్తుంది. తీర్పులనే పాఠ్యపుస్తకంగా చేసుకుని బోధించే పద్ధతిని ఆయన తెచ్చారు. ఊహించిన ఒక తగాదాను వర్ణించి ఎవరి హక్కు ఏమిటో తేల్చమనే రాత పరీక్ష కూడా అక్కడ ఆయన హయాంలోనే పాతుకుంది. వివాదాంశం, నియమం, వర్తింపు, ముగింపు అన్న నాలుగు మెట్ల సూత్రాన్ని అమెరికా లా విద్యార్థులు నేటికీ వల్లె వేస్తారు.

అయితే భారతీయ విద్యార్థికి ఈ నమూనా కోసం హార్వర్డు దాకా వెళ్లాల్సిన అవసరం లేదు. అది ఇక్కడి చట్టాల్లోనే ఉంది. మెకాలే అధ్యక్షతన లా కమిషన్ 1837లో తయారుచేసిన శిక్షాస్మృతి ముసాయిదాలో సెక్షన్ల కింద ఉదాహరణలు చేర్చారు. ‘ఏ’ అనే వ్యక్తి ఫలానా పని చేశాడు, ‘బీ’కి ఫలానా నష్టం జరిగింది, కాబట్టి ‘ఏ’ ఫలానా నేరం చేసినట్టు అన్న తీరులో అవి నడుస్తాయి. 1860 శిక్షాస్మృతి, 1872 కాంట్రాక్టు చట్టం, అదే ఏటి సాక్ష్యాధారాల చట్టం ఈ పద్ధతిని నిలబెట్టాయి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఉదాహరణలు కొనసాగుతున్నాయి. సెక్షను చివర ఉన్న చిన్న కథను కాస్త పెంచి, చివరి వాక్యం తీసేసి ప్రశ్నార్థకం పెడితే పరీక్ష ప్రశ్న తయారవుతుంది. ఆ తీసేసిన వాక్యమే జవాబుకు ముగింపు.

జవాబు నడకకు రెండో నమూనా తీర్పు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ ఆర్డరు 4వ రూలు తీర్పులో ఏమేమి ఉండాలో చెబుతుంది: కేసు సంగ్రహం, తేల్చాల్సిన అంశాలు, వాటి మీద నిర్ణయం, ఆ నిర్ణయానికి కారణాలు. జిల్లా మున్సిఫ్ కోర్టు తీర్పు నకలు చూసినా ఈ వరస కనిపిస్తుంది. దావా ఓడిన కక్షిదారు పై కోర్టుకు వెళ్తాడు. కింది కోర్టు ఏ దారిన ఆ నిర్ణయానికి వచ్చిందో పై కోర్టుకు తెలియాలి. అందుకే కారణాలు రాయడం న్యాయమూర్తి ఇష్టానికి వదిలేసిన విషయం కాలేదు. లా జవాబు కూడా పై కోర్టుకు వెళ్లే చిన్న తీర్పు లాంటిదే.

పరీక్షల్లో తరచూ కనిపించే ప్రశ్న ఒకటి చూస్తే ఇది ఇంకా తేలికగా అర్థమవుతుంది. పదిహేడేళ్ల కుర్రాడు ఇల్లు తనఖా పెట్టి అప్పు తీసుకున్నాడు. అప్పిచ్చినవాడు ఆ తనఖా మీద డబ్బు రాబట్టుకోగలడా? “రాబట్టుకోలేడు, ఎందుకంటే అతను మైనరు” అని ఒక్క వాక్యంలో రాసిన విద్యార్థి తప్పేమీ చెప్పలేదు. అయినా అతనికి దక్కేది కొద్ది మార్కులే. రెండో విద్యార్థి మొదటి పేరాలో కాంట్రాక్టు చట్టం 11వ సెక్షను ప్రకారం ఒప్పందానికి అర్హులెవరో చెబుతాడు. మైనరు ఒప్పందం మొదటినుంచీ చెల్లదని 1903లో మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చిన సంగతి రాస్తాడు. రెండో పేరాలో ప్రశ్నలోని కుర్రాడి వయసు, తనఖా, అప్పు అన్న వాస్తవాలను ఆ నియమంతో సరిపోల్చి చూస్తాడు. మూడో పేరా ఒకే వాక్యం: తనఖా చెల్లదు, దాని మీద డబ్బు రాబట్టుకునే వీలు లేదు. ఇద్దరూ చేరింది ఒకే చోటికి. దారి చూపించింది మాత్రం రెండోవాడే. సెక్షను నంబరు మీద గట్టి నమ్మకం లేకపోతే నంబరు వదిలేసి నియమాన్ని మాటల్లో రాయమని పాఠం చెప్పేవారు ఎప్పుడూ అంటుంటారు. హత్యకు శిక్ష చెప్పే 302వ సెక్షను కొత్త సంహితలో 103గా మారిన ఈ రోజుల్లో ఆ సలహా విలువ ఇంకా పెరిగింది.

లెక్కల వైపు కథ ఇంకా పాతది. తెలుగు నేలమీద వ్యాపారులు రోజువారీ పద్దులు చిట్టాలో రాసి, వాటిని ఆవర్జాలో ఖాతాల వారీగా ఎక్కించేవారు. ఆవర్జాలోని ఏ అంకెనైనా అనుమానిస్తే చిట్టాలో ఆ తేదీ తీసి చూడొచ్చు. అంకెకు ఆనవాలు ఉండాలన్న సూత్రం అక్కడే ఉంది. కామర్సు పాఠ్యపుస్తకాలు జర్నల్‌కు చిట్టా అని, లెడ్జరుకు ఆవర్జా అని, ట్రయల్ బ్యాలెన్సుకు అంకణా అని ఇప్పటికీ రాస్తున్నాయి.

ఆడిటు మాత్రం కంపెనీలతో వచ్చింది. కంపెనీల లెక్కలు, వాటి తనిఖీ గురించి 1866 చట్టం మాట్లాడింది. ఆడిటరుకు నిర్ణీత అర్హత ఉండాలన్నది 1913 కంపెనీల చట్టం. ఆ కాలంలో సర్టిఫికెట్లు రెండు రకాలుగా ఉండేవి. ఒకటి దేశమంతటా చెల్లేది. రెండోది ఒక రాష్ట్రానికీ, అందులో పేర్కొన్న భాషకూ పరిమితమయ్యేది. 1918లో బొంబాయిలో గవర్నమెంట్ డిప్లొమా ఇన్ అకౌంటెన్సీ, అందరి నోటా జీ.డీ.ఏ., మొదలైంది. పరీక్ష ప్యాసై, ఆమోదం పొందిన అకౌంటెంటు దగ్గర మూడేళ్లు ఆర్టికల్స్ చేయాలి. పరిమిత సర్టిఫికెట్లు ఇవ్వడం 1920లో ఆగిపోయింది. 1930 తర్వాత రిజిస్టర్డ్ అకౌంటెంట్లు వచ్చారు. మద్రాసుకు చెందిన ఆర్. శివభోగం 1933లో ఈ దేశంలో ఆ అర్హత సాధించిన మొదటి మహిళ. స్వాతంత్ర్యం తర్వాత 1949 జూలై 1న చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం అమల్లోకి వచ్చి, ఇప్పటి ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది.

ఆనాటి విద్యార్థి జవాబు పత్రం నేటి కంటే ఎంతో చిక్కుగా ఉండేది. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేదాకా డబ్బు మూడు గడుల్లో నడిచింది: రూపాయలు, అణాలు, పైలు. పన్నెండు పైలు ఒక అణా, పదహారు అణాలు ఒక రూపాయి. పైల గడి కూడి పన్నెండుతో భాగించి అణాల గడిలో వేయాలి. అణాలు కూడి పదహారుతో భాగించి రూపాయల గడిలో వేయాలి. గీతలు వంకరైతే, అంకె పక్క గడిలోకి జరిగితే, మొత్తమంతా తారుమారే. స్కేలుతో నిలువు గీతలు కొట్టడం, మొత్తం కింద రెండు గీతలు గీయడం, ఎంట్రీ కింద నరేషన్ రాయడం ఆ రోజుల్లో అందం కోసం పట్టిన అలవాట్లు కావు. అవి లేకపోతే లెక్క నిలిచేది కాదు.

వర్కింగ్ నోట్సు విలువ తెలియడానికి చిన్న లెక్క చాలు. లక్ష రూపాయల యంత్రం, తగ్గుతున్న విలువ మీద ఏడాదికి 10 శాతం తరుగుదల. మొదటి ఏడు 10,000, రెండో ఏడు 9,000, మూడో ఏడు 8,100 పోగా మిగిలేది 72,900. ఒక విద్యార్థి రెండో ఏటి తరుగుదలను 8,000 అని పొరపాటున రాశాడనుకుందాం. మూడో ఏడు 82,000 మీద 8,200 తీసి, చివరికి 73,800 తేలుస్తాడు. 73,800 అన్న అంకె ఒక్కటే ఉంటే దిద్దేవాడికి కనిపించేది తప్పు జవాబు. మూడేళ్ల మెట్లూ రాసి ఉంటే జారింది ఒక్క చోటే అని, పద్ధతి మొత్తం సరైనదని, మూడో ఏటి లెక్క తన వరకు సరిగ్గానే ఉందని తెలుస్తుంది. మెట్టుకింత చొప్పున మార్కులిచ్చే పద్ధతి నిలబడింది దీనిమీదే. ఆడిటరు తన పని కాగితాల్లో చేసేదీ ఇదే. వెనక వచ్చి చూసేవారు అదే దారిన నడిచి అదే అంకెకు చేరగలగాలి.

జవాబు ఆకారాన్ని నిర్ణయించిందీ చట్టమే. 1862 నాటి ఇంగ్లండు కంపెనీల చట్టంలోని బ్యాలెన్స్ షీటు నమూనా అప్పులను ఎడమ పక్క, ఆస్తులను కుడి పక్క పెట్టింది. 1913 భారతీయ చట్టంలోని ఫారం ఎఫ్, 1956 చట్టంలోని ఆరో షెడ్యూలు ఆ ఒరవడిలోనే నడిచాయి. తరాల తరబడి విద్యార్థులు కాగితాన్ని నడిమికి గీత కొట్టి ఆస్తి అప్పుల పట్టీ తయారుచేశారు. 2011 ఏప్రిల్ 1 నుంచి వర్తించిన సవరించిన ఆరో షెడ్యూలు ఆ అడ్డం నమూనాను కంపెనీలకు తీసేసి నిలువు నమూనానే మిగిల్చింది. 2013 చట్టంలోని మూడో షెడ్యూలు అదే కొనసాగించింది. వివరాలన్నీ విడి నోట్సులోకి వెళ్లాయి. బ్యాలెన్స్ షీటు ఒక పేజీ, నోట్సు మూడు పేజీలు అయిన జవాబులు అప్పటినుంచి మామూలయ్యాయి.

పుస్తకం చూసి రాసే పరీక్ష కూడా ఈ చరిత్రలో భాగమే. తెలుగు ప్రభుత్వోద్యోగులకు డిపార్ట్‌మెంటల్ టెస్టుల్లో “పుస్తకాలతో”, “పుస్తకాలు లేకుండా” అన్న విభజన బాగా తెలుసు. 2011లో మొదలైన ఆలిండియా బార్ పరీక్ష కూడా మొదట్లో పుస్తకం తెరిచి రాసేదిగానే ఉండేది. అక్కడ జవాబు అమర్చే పని లేదు, సరైన గడి నింపాలి అంతే. జ్ఞాపకానికి బదులు అన్వయాన్ని పరీక్షించాలన్నది పుస్తకం అనుమతించడం వెనకున్న ఉద్దేశం. అన్వయం బాగా కనిపించేది మాత్రం పేరాలుగా రాసిన జవాబులోనే.

రాసిన కాగితాన్ని రాసినవాడే మళ్లీ చూసే హక్కు చాలా ఆలస్యంగా వచ్చింది. దిద్దిన జవాబు పత్రం సమాచార హక్కు చట్టం పరిధిలోని సమాచారమేనని 2011 ఆగస్టు 9న సుప్రీంకోర్టు సీబీఎస్ఈ కేసులో తీర్పు చెప్పింది. తన పేజీ అంచున ఏ మెట్టుకు ఎంత పడిందో చూసుకోగలిగిన విద్యార్థికి అమరిక విలువ ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. విద్యార్థులకు జరిగిన న్యాయాల్లో ఇది పెద్దది. ఇన్‌స్టిట్యూట్ ప్రచురించే సూచిత జవాబులను పక్కన పెట్టుకుని సొంత కాగితం చదవడం కంటే మంచి పాఠం దొరకదు.

ఇప్పుడు చార్టర్డ్ అకౌంటెన్సీ జవాబు పత్రాలను స్కాన్ చేసి కంప్యూటరు తెర మీద దిద్దుతున్నారు. 2024 మే నుంచి ఇంటర్మీడియట్, ఫైనల్ పేపర్లలో 30 శాతం మార్కులు బహుళైచ్ఛిక ప్రశ్నలకు వెళ్లాయి. మిగతా 70 శాతానికి విద్యార్థి ఇప్పటికీ కలంతోనే, మెట్టు మెట్టుగా, వర్కింగ్ నోట్స్‌తో సహా రాస్తున్నాడు.